ఊరికి కేటీ ఎవరిస్తారు?

మన ఆఫీసుల్లో ఎవరైనా రాజీనామా చేస్తే ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. వారం తిరక్కుండా మేనేజరు కేటీ ప్లాను అంటూ ఎక్సెల్ షీటు తెరుస్తాడు. వెళ్ళిపోయేవాడు రోజూ రెండు గంటలు కూర్చుని ఏ స్క్రిప్టు ఎందుకు ఫెయిలవుతుందో, ఏ సర్వరు జోలికి వెళ్ళకూడదో కొత్తవాడికి అప్పజెప్పాలి. ఒక్కడి బుర్రలోనే ఉన్న విషయం ఏదైనా ఉందంటే మనకి నిద్రపట్టదు. అదే మన ఊళ్ళలో నలభై ఏళ్ళ విద్య ఒక్క మనిషి చేతుల్లో ఉండి, ఆ చేతులు వణకడం మొదలెట్టినా మనకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పైగా అదే ఊరికి 'యువతలో నైపుణ్యాల పెంపు' అంటూ చందాలు పంపుతుంటాం.

ఎందుకింత కడుపుమంట అంటారా? చెప్తాను.

మా ఊరు ప్రకాశం జిల్లా మెట్టలో ఉంది. బోర్లే ఆధారం. 2024 ఫిబ్రవరిలో మా మావయ్య మిరపతోట బోరు మోటారు కాలిపోయింది. మోటార్లు కాలడం మా వైపు కొత్తేం కాదు. ఒక ఫేజు పోతుంది, మిగతా రెండిటి మీదే మోటారు ఈడ్చుకుంటూ తిరుగుతుంది, కాసేపటికి మాడిపోతుంది. ఊళ్ళోనే ఓ వైండింగ్ షాపుంది. ఆ షాపాయన్ని చుట్టుపక్కల నాలుగూళ్ళూ 'వైండింగ్ బాబాయి' అనే పిలుస్తాయి. సాయంత్రం ఇస్తే మర్నాడు మధ్యాహ్నానికి మోటారు చేతిలో పెట్టేవాడు. కానీ ఆయనకి ఆ నెల్లోనే కంటి ఆపరేషనైంది. షాపు మూసుంది. మోటారుని ట్రాలీలో వేసుకుని నలభై కిలోమీటర్ల దూరాన టౌనుకి పట్టుకెళితే, అక్కడ మావయ్యకన్నా ముందు పద్దెనిమిది మోటార్లు వరసలో ఉన్నాయి. ఏడో రోజుకి గానీ పని కాలేదు. అప్పటికే తోటలో పూత రాలిపోయింది. ఎంత నష్టమో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ ఏడు రోజుల్లో మావయ్య నాకు ఫోన్ చేసి ఒక్కటే మాటన్నాడు. "ఏరా, మీరంతా ఇంజనీర్లేగా, ఒక్కడికీ రాదంట్రా?"

రాదు. నేను చదివింది ఈఈఈ. మూడు ఫేజుల ఇండక్షన్ మోటారు ఈక్వివలెంట్ సర్క్యూట్ బోర్డు మీద గీశాను, పరీక్షలో మంచి మార్కులూ తెచ్చుకున్నాను. మోటారు విప్పింది మాత్రం ఎన్నడూ లేదు.

వైండింగంటే తీగ చుట్టడమేగా అనుకునేవాణ్ణి. ఆ తర్వాత ఓ సంక్రాంతికి బాబాయి దగ్గర రెండు రోజులు కూర్చుంటే గానీ తెలిసిరాలేదు. కాలిన తీగ లాగేటప్పుడే ఎన్ని చుట్లు, ఏ గేజి, ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకి వెళ్ళిందో రాసుకోవాలి. లాగేశాక ఇక ఏ దేవుడూ చెప్పడు. (డాక్యుమెంటేషన్ లేని లెగసీ కోడన్నమాట!) నీళ్ళలో మునిగుండే మోటారు గనక తీగకి ప్లాస్టిక్ తొడుగుంటుంది. ఒక్కో చుట్టూ చేత్తోనే స్లాటులోంచి లాగాలి, తొడుగు ఎక్కడా గీసుకోకూడదు. గీసుకుంటే ఆ సంగతి మోటారుని వందల అడుగుల లోతుకి దించాకే తెలుస్తుంది. మళ్ళీ పైపులన్నీ పైకి లాగాలి, మళ్ళీ కూలీ. ఇంకోటి, మోటారు ఎందుకు కాలిందో కాయిల్సు చూసి చెప్పాలి. రెండు ఫేజులు నల్లబడి ఒకటి నిగనిగలాడుతుంటే తప్పు కరెంటుది. మూడూ సమంగా మాడితే లోడు ఎక్కువైంది, అంటే పంపులో ఇసక పట్టేసిందేమో చూడాలి. కారణం చూడకుండా చుట్టి ఇచ్చేస్తే నెల తిరక్కుండా మళ్ళీ అదే మోటారు షాపు కొస్తుంది. రూట్ కాజ్ ఎనాలిసిస్ అని మనం పవర్‌పాయింట్లు చేస్తామే, ఆయన దాన్ని ముక్కుతో వాసన చూసి చేస్తాడు.

ఇప్పుడు మా ఘనకార్యం వినండి. 2007లో మా ఊరి కుర్రాళ్ళం, అప్పటికి హైదరాబాదు, బెంగుళూరుల్లో కొందరూ అమెరికాలో ఇద్దరూ ఉన్నాం, లక్షన్నర పోగేసి హైస్కూలుకి పది కంప్యూటర్లు కొన్నాం. రిబ్బను కత్తిరించాం, ఫోటోలు దిగాం, ఆర్కుట్‌లో పెట్టుకున్నాం. చెప్పేవాళ్ళెవరో ఆలోచించలేదు. ఏడాదికి యూపీఎస్ బ్యాటరీలు చచ్చాయి. రెండో ఏడు ఆ గదికి తాళం పడింది. బడి తప్పేం లేదు, తప్పంతా మాదే. ఊరికి ఏం కావాలో ఊరిని అడక్కుండా మాకు తెలిసిందేదో ఊరి మీద రుద్దాం. ఒకవేళ అదంతా సవ్యంగా నడిచి ఉంటే ఏమయ్యేది? ఇంకో పదిమంది అమీర్‌పేట బస్సెక్కేవాళ్ళు. ఎక్కితే తప్పా? కాదు, నేనూ ఎక్కినవాణ్ణే. కానీ ఊరు ఖాళీ చేయించే ఖర్చుకి 'ఊరి అభివృద్ధి' అని పేరు పెట్టకండి బాబూ.

ప్రభుత్వాలదీ ఇదే వరస. 2009 జాతీయ నైపుణ్య విధానంలో 2022 కల్లా యాభై కోట్ల మందికి శిక్షణ అన్నారు. 2015లో స్కిల్ ఇండియా అన్నప్పుడు అది నలభై కోట్లయింది. అసలీ అంకెలే వాస్తవానికి దూరమని, లెక్క చూపించడం కోసం పరిగెడుతున్నారని ప్రభుత్వం వేసిన శారదా ప్రసాద్ కమిటీయే 2016లో తేల్చింది. 2016-20 మధ్య కౌశల్ వికాస్ యోజనలో స్వల్పకాలిక కోర్సంటే నూటయాభై నుంచి మూడొందల గంటలు ఉండేది. అదే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్ళు. ఆ రెండేళ్ళ ఐటీఐని మనం 'చదువబ్బని వాళ్ళ' చోటుగా చూస్తాం, మూడు నెలల కోర్సుకి మాత్రం టీషర్టూ సర్టిఫికెట్టూ ఇచ్చి బ్యానరు కడతాం. మా చుట్టాలబ్బాయి ఒకడు అలాంటి సెంటర్లోనే చేరాడు. ప్లేస్‌మెంటంటూ చెన్నై పక్కన ఓ ఫ్యాక్టరీలో నెల జీతానికి పెట్టారు. హాస్టలుకీ తిండికీ పోగా ఏమీ మిగలక నాలుగో నెలలో తిరిగొచ్చేశాడు. సెంటరు లెక్కలో మాత్రం వాడు 'ప్లేస్' అయ్యాడు, బహుశా ఇప్పటికీ అయ్యే ఉన్నాడు.

రాజస్థాన్‌లోని తిలోనియాలో 1972లో బంకర్ రాయ్ మొదలెట్టిన బేర్‌ఫుట్ కాలేజీ గురించి మీలో చాలామంది వినే ఉంటారు. చదువురాని పల్లెటూరి ఆడవాళ్ళకి, అందులోనూ అమ్మమ్మలకీ నాయనమ్మలకీ, సోలార్ దీపాల సర్క్యూట్లు చెయ్యడం, బాగుచెయ్యడం నేర్పుతారు. అమ్మమ్మలే ఎందుకంటే ఆయన 2011 టెడ్ ఉపన్యాసంలో చెప్పిన కారణం వింటే నవ్వొస్తుంది, తర్వాత గుచ్చుకుంటుంది. మగవాళ్ళకి కావలసింది సర్టిఫికెట్టట, అది చేతికొచ్చాక పట్నం చెక్కేస్తారట. అంటే విద్య ఊళ్ళో నిలవాలంటే కుర్రాళ్ళని పక్కన పెట్టాలన్న మాట! నేను ఆయనంత దూరం వెళ్ళను. కుర్రాళ్ళు పారిపోయేది చేతిపని మీద చిన్నచూపుతో మాత్రమే కాదు, నేర్చుకునే రెండేళ్ళూ తిండికి గతిలేక. వైండింగ్ బాబాయి దగ్గరకి గతంలో ముగ్గురొచ్చారు. ముగ్గురూ ఆర్నెల్లలోపే మానేశారు, ఎందుకంటే ఆయన ఇవ్వగలిగింది రోజుకో టిఫినూ, టీ ఖర్చులూ. ఆయనకే అంతంతమాత్రం. 1961 అప్రెంటిస్ చట్టం ఉందిగా అంటారేమో. 2019 సవరణల ప్రకారం ముప్ఫై మంది, ఆ పైన పనిచేసే సంస్థకి అప్రెంటిస్‌లు తప్పనిసరి, నలుగురి నుంచి ఐచ్ఛికం. ఒక్కడే కూర్చుని నడిపే రేకుల షెడ్డు ఆ చట్టం కంటికి ఆనదు. జర్మనీలో పనిచేసొచ్చిన మిత్రుల్ని అడగండి. అక్కడ మెకానిక్కు కావాలంటే మూడు, మూడున్నరేళ్ళు వారంలో కొన్ని రోజులు వర్క్‌షాపు, కొన్ని రోజులు బడి. నేర్చుకునేవాడికి మొదటి నెల నుంచీ డబ్బులొస్తాయి.

ఇక్కడ నన్ను కొట్టడానికి మీ చేతిలో ఉన్న రాయి ఏమిటో నాకు తెలుసు. "నువ్వు మాత్రం గచ్చిబౌలిలో ఏసీలో కూర్చుని, పల్లెటూరి పిల్లల్ని మోటార్లు చుట్టుకోమంటావా?" గట్టి ప్రశ్నే. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1953లో రాజాజీ మద్రాసు రాష్ట్రంలో, అప్పటికింకా మన కోస్తా, సీమ జిల్లాలు కూడా అందులోనే ఉన్నాయి, పల్లెటూరి పిల్లలకి బడి సమయం తగ్గించి మిగతా వేళ తండ్రి వృత్తి నేర్చుకోమన్నాడు. 'కులవిద్య పథకం' అని జనం మండిపడ్డారు, 1954లో కామరాజ్ వచ్చి తీసిపారేశాడు. మంచిపని చేశాడు. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ మీద 2024లో తమిళనాడు అభ్యంతరం పెట్టింది కూడా ఇందుకే. కుటుంబ వృత్తి అయ్యుండాలన్న షరతు తియ్యమంది. ఆ పథకంలో పద్దెనిమిది వృత్తులున్నాయి, మోటారు వైండింగ్ వాటిల్లో లేదు. వైండింగ్‌కి కులం లేదు మరి! నా మట్టుకు నాకు దానిలోని అందమే అది. ఎవరి తాతా చెయ్యని పని. ఎవరైనా నేర్చుకోవచ్చు.

నేను పిల్లల్ని ఊళ్ళో కట్టిపడేయమనట్లేదు. వెళ్ళాలనుకునేవాడికి దారి చూపించడానికి ఇప్పటికే వంద కోచింగ్ సెంటర్లున్నాయి, మన లింక్డ్‌ఇన్ సలహాలున్నాయి. ఉండాలనుకునేవాడికే ఏ దారీ లేదు. మనం డబ్బు పెట్టాల్సింది అక్కడ.

లెక్క చెప్తాను. నేర్చుకునేవాళ్ళకి నెలకి తొమ్మిది వేలు, నేర్పే బాబాయికి ఆరు వేలు. ఈ ఆరు వేలు దానం కాదు, ఫీజు. మనకి బ్లాక్‌చైన్ మీద రెండ్రోజులు వాగి వెళ్ళే ట్రైనరుకి కంపెనీలు ఎంతిస్తాయో గుర్తు తెచ్చుకోండి. నెలకి పదిహేను వేలు, రెండేళ్ళకి మూడు లక్షల అరవై వేలు. ఎనిమిదిమంది పంచుకుంటే తలకి నెలకి పంధొమ్మిది వందల లోపు. వీకెండు బిర్యానీ ఖర్చు. బడి లేదు, బిల్డింగు లేదు, రిబ్బను లేదు.

నేర్చుకోడానికి మనిషి కూడా దొరికింది. పంతొమ్మిదేళ్ళ అమ్మాయి, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా పాసైంది. తండ్రి ఒంట్లో బాగోక ఊళ్ళోనే ఉండాల్సొచ్చింది. బాబాయికి బంధువూ కాదు, ఆయన కులమూ కాదు. ఈ మాట తేగానే ఆయన ముందు మొహం చిట్లించాడు. "ఆడపిల్లని బోర్ల దగ్గరికి ఎట్టా పంపుతావురా అబ్బాయ్, నలుగురూ నన్ను తిడతారు" అన్నాడు. బోరు దగ్గరికి తర్వాత, ముందు షాపులో కూర్చోనీ బాబాయ్ అన్నాను. ఆ అమ్మాయి వచ్చి, అక్కడ పడున్న కాలిన స్టేటరు ఒకటి తిప్పి చూసి, "రెండే మాడినయ్యేంది తాతా?" అని అడిగింది. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత స్టూలు ఇటు లాగాడు.

ఈ సంగతంతా మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వచ్చిన మొదటి జవాబు: "రేపు పెళ్ళి చేసుకుని ఇంకో ఊరెళ్ళిపోతే మన డబ్బులు వేస్టేగా?" ఇది రాసినవాడు కంపెనీ ఖర్చుతో రెండు సర్టిఫికేషన్లు చేసి, బాండ్ అయిపోయిన మర్నాడే వేరే కంపెనీకి దూకిన మహానుభావుడు. అయినా ఆ ఇంకో ఊళ్ళో మాత్రం మోటార్లు కాలవా?

ఎనిమిది మందిలో ఇప్పటికి ఐదుగురు సరేనన్నారు. ఇద్దరు ఆలోచించి చెప్తామన్నారు. మిగిలిన ఒకాయన దీనికి ఎయిటీ జీ రిసీటు వస్తుందా అని అడిగాడు. రాదు.