దరఖాస్తు చేయలేని తల్లికే అసలు అవసరం

పిల్లల సంరక్షణ ఖర్చును ప్రభుత్వం రెండు విధాలుగా పంచుకోవచ్చు. కొంత మొత్తాన్ని నేరుగా తల్లిదండ్రులకు ఇవ్వడం ఒకటి, శిశు సంరక్షణ కేంద్రాలు (క్రెష్‌లు) తెరిచి నడపడం రెండోది. మన దేశం ప్రధానంగా రెండో దారినే నడుస్తోంది. అందుకే ఇక్కడ సాయం కోరుతూ కాగితం పెట్టేది తల్లి కాదు, రాష్ట్ర ప్రభుత్వమో సంస్థో.

2006 జనవరి 1న రాజీవ్ గాంధీ పేరిట జాతీయ క్రెష్ పథకం మొదలైంది. 2017 మార్గదర్శకాల ప్రకారం దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబం నెలకు బిడ్డకు 20 రూపాయలు చెల్లిస్తే సరిపోయేది. నెలాదాయం 12 వేల వరకు ఉంటే 100, దాటితే 200. 2022 నుంచి ఇది కేంద్ర ప్రభుత్వ ‘మిషన్ శక్తి’ పథకంలో భాగంగా ‘పాల్నా’ అయింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలను, తల్లికి ఉద్యోగం ఉన్నా లేకున్నా చేర్చుకోవాలి. అంగన్‌వాడీలకు అనుబంధంగా 17 వేల కేంద్రాలు లక్ష్యం. తెలుగు రాష్ట్రాల్లో ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున భరించాలి. అయితే రాష్ట్రం ప్రతిపాదన పంపి, తన వాటా సమకూర్చితేనే క్రెష్ తెరుచుకుంటుంది. అది దగ్గరలో లేని తల్లికి ఆ పథకంతో ఒరిగేదేమీ లేదు.

యజమానుల బాధ్యత మరో అంచె. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సదుపాయం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావచ్చని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. చిన్న దుకాణాల్లో పనిచేసేవారికి, ఇళ్లలో పాచిపని చేసుకునేవారికి ఈ లెక్క వర్తించదు.

తల్లిదండ్రులు స్వయంగా అడిగి పొందేవి ప్రధానంగా ఇంకో రెండున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు దక్కుతుంది. పాత పన్ను విధానంలో ఉన్నవారు ఇద్దరు పిల్లల వరకు ట్యూషన్ ఫీజును 1.5 లక్షల పరిమితిలో మినహాయింపుగా చూపుకోవచ్చు. ప్లే స్కూల్, నర్సరీ ఫీజులూ ఇందులోకి వస్తాయి. నెల జీతం లేని, పన్ను కట్టేంత ఆదాయం లేని తల్లికి ఈ రెండూ అందవు. అంటే దరఖాస్తు ఫారం ఉన్నచోట అవసరం తక్కువ, అవసరం ఎక్కువున్నచోట ఫారమే లేదు.

బ్రిటన్‌ది మొదటి దారి. పనిచేసే తల్లిదండ్రులు ఆన్‌లైన్ ఖాతా తెరిచి 8 పౌండ్లు జమచేస్తే ప్రభుత్వం 2 పౌండ్లు కలుపుతుంది. సాధారణంగా బిడ్డకు ఏడాదికి 2 వేల పౌండ్లు గరిష్ఠం. అర్హతను మూడు నెలలకోసారి ధ్రువీకరించాలి. అక్కడా మినహాయింపులున్నాయి. ప్రభుత్వ నిధుల సాయం పొందరాదన్న వీసా షరతు దంపతులిద్దరికీ ఉంటే ఈ సొమ్ము రాదు. వర్క్ వీసాపై వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నింటికో ఎదురయ్యే అడ్డంకి ఇదే. అయినా ఎవరు అర్హులో, ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. కాదంటే కారణం అడగవచ్చు.

నగదు సాయమొక్కటే మన సమస్యకు పరిష్కారం కాదు. నమ్మకమైన కేంద్రం లేని బస్తీలో చేతికొచ్చిన డబ్బు బిడ్డను చూసుకోదు. కేంద్రాల దారిలోనే తల్లికి అడిగే హక్కు కల్పించాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు, తెలంగాణలో మీసేవ కేంద్రాలు క్రెష్ కావాలన్న తల్లుల వినతులు తీసుకోవాలి. నిర్ణీత సంఖ్య దాటితే పాల్నా ప్రతిపాదన పంపడం జిల్లా యంత్రాంగానికి తప్పనిసరి చేయాలి. నిర్మాణ వ్యయంపై వసూలు చేసే ఒక శాతం కార్మిక సంక్షేమ సెస్సులో కొంత కూలీల అడ్డాల దగ్గరి క్రెష్‌లకు మళ్లించాలి. కేంద్రాల వేళలు కార్యాలయ గడియారాన్ని కాక కూలి పని వేళలను అనుసరించాలి. ఈ నాలుగూ జరగనంత కాలం పాల్నా బడ్జెట్ పద్దుగానే మిగులుతుంది తప్ప పేద తల్లికి హక్కు కాదు.