ఆకురాయి, కర్మపత్రం

ఈ నెల మేము ఎంచుకున్న పదం ‘ఫైల్’. ఇంగ్లీషులో చిన్న పదమే. అర్థాలు మాత్రం అనేకం. తాళంచెవులు చేసేవాని చేతిలో అది ఇనుమును అరగదీసే ఆకురాయి. మన ఇళ్ళలో ఉర్దూలో దానినే ‘రేతి’ అంటాము. కార్యాలయంలో అది కాగితాల కట్ట. కంప్యూటరులో భద్రపరచిన సమాచారం. ఒకరి వెనుక ఒకరు నిలబడిన వరుసకూ అదే పేరు.

నిజానికి ఇవన్నీ ఒకే పదం కావు. పనిముట్టు పేరు ప్రాచీన ఆంగ్లభాషలోనిది. కాగితాల ఫైలు ఫ్రెంచి భాష మీదుగా వచ్చింది. దాని మూలం ‘దారం’ అనే అర్థమిచ్చే లాటిన్ పదం. పూర్వం పత్రాలను దారానికో తీగకో గుచ్చి ఉంచేవారు. వరుస అనే అర్థమూ ఆ దారం నుండి పుట్టినదే.

పుట్టుకలో సంబంధం లేని ఆకురాయి, కాగితాల కట్ట మాకు దివ్య ఖుర్ఆన్‌లోని 83వ సూరా అల్ ముతఫ్ఫిఫీన్‌ను గుర్తుచేస్తాయి. కొలతల్లో, తూనికల్లో మోసగించేవారిని హెచ్చరిస్తూ ఆ సూరా ప్రారంభమవుతుంది. దుర్జనుల కర్మపత్రం సిజ్జీన్‌లో, సజ్జనుల కర్మపత్రం ఇల్లియ్యీన్‌లో ఉంటాయని తెలుపుతుంది. ఆ రెండు ప్రస్తావనల నడుమనే, దుష్కర్మల వల్ల హృదయాలకు పట్టే తుప్పును గురించి చెబుతుంది. పాపం చేసినప్పుడు హృదయంపై నల్లని మచ్చ పడుతుందనీ, పశ్చాత్తాపపడితే హృదయం తిరిగి నిర్మలమవుతుందనీ దైవప్రవక్త (స) బోధించినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు.

అంటే తౌబాయే హృదయపు ఆకురాయి. అయితే సాటి మనిషి హక్కును కాజేసినప్పుడు, ఆ హక్కును తిరిగి ఇవ్వనిదే తౌబా పూర్తికాదని ధర్మవేత్తలు స్పష్టం చేశారు.

వితంతువు పింఛను ఫైలును లంచం కోసం సొరుగులో తొక్కిపెట్టిన ఉద్యోగి తహజ్జుద్ వేళ కన్నీరు కార్చవచ్చు. అన్‌నిసా సూరా నిర్ణయించిన వాటాను అక్కచెల్లెళ్ళకు ఇవ్వక, పొలం దస్తావేజులను బీరువాలో దాచిన సోదరుడు ఉమ్రాకు వెళ్ళి రావచ్చు. “వాళ్ళు అడగలేదు కదా” అన్నది అతని సమాధానం. పుట్టింటి గడప దూరమవుతుందన్న భయంతో మౌనం వహించిన చెల్లెలు తన హక్కును వదులుకున్నట్లు కాదు. ఆ ఫైలు కదలనంతవరకు, ఆ బీరువా తెరుచుకోనంతవరకు నాలుకపై పలికే ఇస్తిగ్‌ఫార్ ఆ తుప్పును వదిలించలేదు.

సోదర సోదరీమణులారా! ఇక్కడి ఫైలును దాచగలం. దైవదూతలు లిఖిస్తున్న కర్మపత్రాన్ని దాచలేము. అది మన చేతికి అందకముందే హక్కుదారుల హక్కులను చెల్లించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.