తాతగారి గడియారాన్ని తోమకండి

ట్రంకు పెట్టె అడుగున ఏళ్ల తరబడి పడి ఉన్న జేబు గడియారం బయటపడితే చాలామంది ముందు దాన్ని తోముతారు. పళ్లపొడో విభూదో పెట్టి రుద్ది కేసును తళతళలాడిస్తారు. వెలిసిన డయల్‌కు కొత్త రంగు వేయిస్తారు. లోపలి యంత్రం సంగతి ఆ తర్వాత, డబ్బు మిగిలితే చూద్దామనుకుంటారు. ఈ వరుస తలకిందులైనది. చేతిలో ఉన్నది కొద్ది డబ్బే అయితే అదంతా యంత్రాన్ని విప్పించి శుభ్రం చేయించడానికే పోవాలి. పైరూపాన్ని ఉన్నదున్నట్టు వదిలెయ్యాలి. నిజానికి పాత గడియారాలకు జరిగే నష్టంలో పెద్ద భాగం డబ్బు పెట్టి చేయించిన సింగారం వల్లే జరుగుతుంది కనుక, డబ్బు తక్కువగా ఉండటమే వాటికి ఒక రక్షణ.

ఆగిపోయిన గడియారం చెడిపోయిందనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. పాత జేబు గడియారాల్లో ఎక్కువవాటి బ్యాలెన్స్ చక్రం గంటకు 18,000 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, అంటే రోజుకు 4,32,000 సార్లు. ఆ చక్రపు ఇరుసు మొన మందం మిల్లీమీటరులో పదో వంతు దాకా ఉంటుంది. అంత సన్నని మొన కెంపు రాతి గుంటలో తిరగాలంటే సూదిమొనంత నూనె చాలు, కానీ ఆ నూనె మంచిదై ఉండాలి. ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండి జిగురవుతుంది, దుమ్ముతో కలిసి ఆకురాయిలా అరగదీస్తుంది. చాలా గడియారాలు ఆగింది ఈ జిగురు వల్లే. పూర్తిగా విప్పి, ప్రతి భాగాన్నీ కడిగి, వాచీ నూనె చుక్కలు పెడితే మళ్లీ నడుస్తాయి. విప్పకుండా పైనుంచి కిరోసిన్, కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె పోయడం మాత్రం వైద్యం కాదు. ఆ నూనె బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నని హెయిర్ స్ప్రింగ్ మీదికి పాకితే చుట్లు ఒకదానికొకటి అంటుకుని గడియారం విపరీతంగా ముందుకు పరిగెడుతుంది. అయస్కాంతం సోకినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఆ అయస్కాంతత్వాన్ని పోగొట్టడం మెకానిక్‌కు నిమిషాల పని, ఖర్చూ స్వల్పం.

ఇక పైరూపం. బంగారంలా కనిపించే కేసుల్లో చాలావాటికి ఇత్తడి మీద పల్చటి బంగారు రేకు మాత్రమే ఉంటుంది. నాలుగుసార్లు మెరుగు పెడితే అంచుల్లో ఇత్తడి బయటపడుతుంది, పోయిన బంగారం తిరిగి రాదు. ఇంగ్లండ్ వెండి కేసుల లోపలి వైపు చిన్న ముద్రలుంటాయి. వాటిలో లంగరు గుర్తు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించిన వెండి అని, పక్కనున్న అక్షరాన్ని బట్టి ఏ ఏడాదిదో చెప్పొచ్చు. లోపల కూడా తోమితే ఆ ముద్రలు అరిగిపోతాయి. తెల్లని ఎనామిల్ డయల్ కొలిమిలో కాల్చిన గాజుపూత. అది వెలిసిపోదు, వెంట్రుకంత పగుళ్లు వస్తాయంతే. లోహపు డయల్ మీద కొత్త రంగు పడితే అసలు అక్షరాలు పోతాయి, తెలిసిన కొనుగోలుదారు దాన్ని చూడగానే పక్కన పెట్టేస్తాడు. ఇంకో హెచ్చరిక కూడా చెప్పాలి. చీకట్లో వెలిగేలా చేసిన పాత డయళ్ల మీద పూసింది చాలాసార్లు రేడియం. వెలుగు పోయినా రేడియోధార్మికత పోదు. ఆ పూతను గీకడం ఆరోగ్యానికి ప్రమాదం.

రెండు మూడొందలకు దొరికే బ్యాటరీ వాచీ ఇంతకంటే కచ్చితంగా టైమ్ చూపిస్తుంది కదా అంటారు. చూపిస్తుంది. టైమ్ ఒక్కటే కావాలనుకునేవారు అదే కొనుక్కోవాలి. కానీ సాలార్‌జంగ్ మ్యూజియంలో కలకత్తా కుక్ అండ్ కెల్వీ సంస్థ నుంచి వచ్చిన గడియారం ముందు గంట గంటకూ జనం గుమిగూడేది టైమ్ తెలుసుకోవడానికా? బొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం చూడటానికి. అది ఆగిపోయి ఉంటే ఎంత మెరిసినా అక్కడ ఎవరూ నిలబడరు. 2009లో న్యూయార్క్ వేలంలో గాంధీజీ జెనిత్ జేబు గడియారం, కళ్లజోడు, చెప్పులు మరికొన్ని వస్తువులతో కలిపి 18 లక్షల డాలర్లు పలికాయి. ఆ విలువ వాడిన మనిషి వల్ల వచ్చింది. మన ఇళ్లలోని గడియారాలకూ, చిన్న కొలతలోనైనా, విలువ అలాగే వస్తుంది. బొటనవేలు ఆనీ ఆనీ అరిగిన చోటును మెరుగు పెట్టి చెరిపేస్తే మిగిలేది పాత లోహం.

రిపేరు ఖర్చు గడియారం ధరను మించిపోతుందన్న అభ్యంతరంలో మాత్రం నిజముంది, కానీ అన్ని గడియారాల విషయంలో కాదు. అమెరికాలోని వాల్తామ్ కంపెనీ 1850 నుంచి 1957 దాకా మూడు కోట్లకు పైగా గడియారాలు చేసింది. విడిభాగాలు ఒకదానివి మరొకదానికి అమరేలా చేయడమే దాని పద్ధతి. అలాంటివాటికి, మన రైల్వే ఉద్యోగుల జేబుల్లో తిరిగిన వెస్ట్ ఎండ్ లాంటివాటికి, 2016లో మూసివేతకు నిర్ణయం జరిగిన హెచ్‌ఎంటీ వాచీలకు పాడైన మరో గడియారం నుంచి భాగం తీసి వేయొచ్చు. పేరూ ఊరూ తెలియని గడియారంలో బ్యాలెన్స్ ఇరుసే విరిగితే లేతు మీద కొత్తది చేయించాలి, అది కొద్ది డబ్బుతో తేలే పని కాదు. అప్పుడు దాన్ని ఆగిన గడియారంగానే దాచుకోవడం మేలు. తప్పుడు ఇరుసుతో బలవంతంగా నడిపించడం కంటే అది మర్యాద.

బాగుచేసేవారే లేరంటారు. పాత బజార్లలో ఇంకా ఉన్నారు, చాలామంది బ్యాటరీలు మార్చి పొట్టపోసుకుంటున్నారు. కీ గడియారం తెచ్చేవారు లేక వారి చేతిపని మూలపడింది. మనం డయల్ రంగుకు పోసే డబ్బు వారి పనికి పోతే ఆ విద్య మరికొన్నేళ్లు బతుకుతుంది. ఇచ్చేముందు మూత తెరిపించి యంత్రానికీ, దాని నంబరుకూ ఫోటో తీసుకోండి. మొత్తం విప్పుతారా, నూనె చుక్క మాత్రం వేస్తారా అని అడగండి. అప్పటిదాకా నడుస్తుందేమో చూద్దామని కీ తిప్పవద్దు, ఎండిన ఇరుసులు అరుగుతాయి. తోమకుండా, కుదపకుండా, మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి.