పసిబిడ్డకొక పీఠం

మొన్నమొన్నటి దాకా మన ఊళ్ళలో కారు అంటే పెళ్ళికో, ఆసుపత్రికో అద్దెకు పిలిచే వాహనం. ఈ ఇరవై ఏళ్ళలో అది వాకిట నిలిచే సొంత వస్తువయింది. జనగామలోనూ, మహబూబాబాదులోనూ, భూపాలపల్లిలోనూ చిన్న ఉద్యోగి, మధ్యతరగతి రైతు, కిరాణా వర్తకుడు కూడా కారు కొనుక్కుంటున్నారు. సంతోషించదగిన మార్పే. కొన్ననాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం, కొబ్బరికాయ కొడతాం, అద్దానికి పసుపు కుంకుమలు అద్దుతాం. సీట్లకు కొత్త తొడుగులు కుట్టిస్తాం. ఇన్ని చేసిన మనలను, ఆ కారులో ప్రయాణించే వారందరిలోకీ మిక్కిలి సుకుమారమైన దేహం గల పసిబిడ్డకు చోటెక్కడ అని ఎవరైనా అడిగితే, మన జవాబు ఒక్కటే: "ఒడిలో."

ఆ జవాబు సరికాదని చెప్పడానికే ఈ వ్యాసం. తల్లి ఒడిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ప్రాచీన సాహిత్యం చదువుకున్న వాడికి ఒడి మహిమను ఒకరు బోధించనక్కరలేదు. అయితే కవులు కీర్తించిన ఒడి కదలని నేల మీద కూర్చున్న తల్లిది. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే తల్లి ఒడి వారి ఊహకు అందనిది.

ఇంటర్మీడియట్ చదివేవారు జడత్వం గురించి చదివే ఉంటారు. ఈ లెక్క మీరే వేసి చూడవచ్చు. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. కారు దేనికో గుద్దుకొని సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోయిందనుకుందాం. అప్పుడు లోపల ఉన్న శరీరాన్ని ఆపడానికి దాని బరువుకు దాదాపు 14 రెట్ల బలం కావాలి. పది కిలోల బిడ్డ ఆ క్షణాన నూట నలభై కిలోలై చేతుల్లోంచి దూసుకుపోతాడు. డెబ్బై కిలోల వడ్ల బస్తాలు రెండింటిని, ఏ హెచ్చరికా లేకుండా, రెప్పపాటులో ఒడిసిపట్టగల తల్లి ఎవరు? అదే వేగంతో గుద్దుకోవడం పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఇంచుమించు మూడంతస్తుల మేడ మీది నుంచి, నేల మీద పడడంతో సమానం. మేడ అంచున బిడ్డను నిలబెట్టి "నేను పట్టుకున్నాను లెండి" అని ఏ తల్లీ అనదు. కారులో మాత్రం అంటుంది. తాను సీటుబెల్టు పెట్టుకోకపోతే ఆమె దేహమే ముందుకు తూలి, ముందు సీటుకూ తనకూ నడుమ బిడ్డను నలిపివేస్తుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టడం ఇంకా ప్రమాదం. తల్లి బరువంతా బిడ్డ మీద పడుతుంది.

"మేమేం అంత వేగంగా పోము, ఊళ్ళోకే కదా" అంటారు. 2016 అక్టోబరు 11న ఈ మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలయినప్పటి నుంచి వాటి దారులు వెనుకటి దారులుగా లేవు. జనగామ మీదుగా హైదరాబాదును వరంగల్లుతో కలిపే 163వ నంబరు జాతీయ రహదారి ఎంత విశాలమో, దాని మీది వేగం అంత భయంకరం. భూపాలపల్లి వైపు సింగరేణి బొగ్గు లారీలు రేయింబవళ్ళు తిరుగుతాయి. మహబూబాబాదు పరిసరాల్లో మిరప కాలం వస్తే బస్తాల ఎత్తున బస్తాలు పేర్చుకొని పోయే ట్రాక్టర్లలో చాలావాటికి వెనుక దీపం వెలగదు. కోతల నాటికి సగం రోడ్డు వడ్ల కళ్ళమవుతుంది. చీకట్లో ఆ వడ్ల చుట్టూ పేర్చిన రాళ్ళు కనిపించవు. మనం నెమ్మదిగా పోవచ్చు. ఎదుటివాడి వేగం మన చేతిలో లేదు కదా!

వెనుక సీటులో కూర్చుంటే భయం లేదన్నది మరొక అపోహ. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించిన ప్రమాదంలో ఆయన వెనుక సీటులోనే ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు. అది ఖరీదైన విదేశీ కారు.

ఇక అసలైన అభ్యంతరానికి వద్దాం. అది ఇంటి పెద్దల నుంచి వస్తుంది. "గింత పసిపిల్లను కట్టేసుడేంది బిడ్డా! ఏడుస్తలేదా?" అంటుంది నాయనమ్మ. ఆ మాటను తేలికగా కొట్టివేయకూడదు. బిడ్డ ఏడుపు వినలేని మనసు మంచి మనసే. అయితే బిడ్డను కట్టడం మనకు కొత్తదేమీ కాదే! పొలం పనికి పోయే తల్లి చంటిబిడ్డను గుడ్డతో వీపుకు కట్టుకొని నాట్లు వేస్తుంది; దానిని ఎవరూ కట్టేయడం అనరు. చెట్టు కొమ్మకు చీరతో ఉయ్యాల కట్టేటప్పుడు బిడ్డను పడుకోబెట్టడానికి ముందు ఆ ముడిని రెండు మూడుసార్లు బలంగా గుంజి చూస్తుంది. ఆ గుంజి చూసే చేయి ఉన్న మనిషికి చైల్డ్ సీటు సంగతి అర్థం కాకపోవడం అసంభవం. చెప్పేవారు సరిగా చెప్పలేదంతే.

కూతుళ్ళ పురుళ్ళకు అమెరికా వెళ్ళి వచ్చిన అమ్మమ్మలు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వారినడగండి. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు కారులో సీటు ఉందో లేదో చూసి గాని బిడ్డను పంపని ఆసుపత్రులు అనేకం. ఆ దేశంలో 1978లో టెన్నెసీ రాష్ట్రంలో మొదటిసారిగా ఇందుకొక చట్టం అమలులోకి వచ్చింది. తరువాత రాష్ట్రాలన్నీ ఆ దారి పట్టాయి. అక్కడ ఆరు నెలల పాటు మనవరాలిని ఆ సీటులోనే కూర్చోబెట్టి తిప్పిన అమ్మమ్మ, శంషాబాదు విమానాశ్రయంలో దిగగానే అదే మనవరాలిని ఒళ్ళో పెట్టుకొని జనగామ దాకా వస్తుంది. పిల్ల మారలేదు, ప్రేమ మారలేదు. మారినదల్లా చుట్టూ ఉన్నవారి అలవాటు. అలవాటును ప్రేమగా పొరబడుతున్నామని నా అభిప్రాయం.

బిడ్డ ఏడుపు మాటకొస్తే, పుట్టిన నాటి నుంచి ఆ సీటులో కూర్చున్న బిడ్డకు కారు అంటే ఆ సీటే. రెండేళ్ళు ఒళ్ళో ఆడి, ముందు అద్దానికి ముక్కు ఆనించి, స్టీరింగు పట్టుకొన్న బిడ్డను ఒకనాడు హఠాత్తుగా పట్టీలలో బిగిస్తే మాత్రం గగ్గోలు పెట్టక మానదు. మొదట్లో చిన్న చిన్న ప్రయాణాలు చేయించాలి, మధ్య మధ్య ఆగి బయటికి తీసి ఆడించాలి. ఎంత ఏడ్చినా నడిచే కారులో పట్టీ విప్పకూడదు.

ఈ సీటు పుట్టుక కూడా తెలుసుకోదగినదే. 1959లో స్వీడన్‌కు చెందిన వోల్వో సంస్థ ఇంజనీరు నీల్స్ బోలిన్ మూడు చోట్ల బిగిసే సీటుబెల్టును రూపొందించాడు. అది పెద్దల దేహానికి కొలిచినది. అంతరిక్షయాత్రికులు బయలుదేరేటప్పుడు వెల్లకిలా పడుకొని వేగపు ఒత్తిడినంతా వీపు మీద భరించడం గమనించిన బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే స్వీడిష్ ఆచార్యుడు, బిడ్డను కారు వెనుకవైపుకు ముఖం ఉండేలా కూర్చోబెట్టే సీటును ఊహించాడు. 1964లో దాని తొలి నమూనాను పరీక్షించారు. ఇందులోని సూక్ష్మం ఇది: పసిబిడ్డ తల శరీరంలో నాలుగో వంతు ఉంటుంది, మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. ముందుకు చూస్తూ కూర్చున్న బిడ్డ దేహాన్ని పట్టీలు ఆపినా, తల మాత్రం విసురుగా ముందుకు పోతుంది. వెనుకకు చూస్తూ కూర్చుంటే వీపు, మెడ, తల మూడింటినీ సీటు ఒక అరచేతిలా కాస్తుంది. శిశువుల విషయంలో ఇటువంటి సాధనాలు మరణాలను 71 శాతం దాకా తగ్గించగలవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

సీటు ఎంపికలో వయస్సు కన్న బిడ్డ ఎత్తు, బరువు ముఖ్యం. దుకాణదారు "ఏడాది బాబుకు ఇదే" అని ఒకటి చేతిలో పెడితే తీసుకోకూడదు. ఐరోపా ప్రమాణమైన ఆర్ 129 ఎత్తును బట్టి సీటును నిర్ణయిస్తుంది. కనీసం పదిహేను నెలలు నిండేదాకా బిడ్డ వెనుకకే చూడాలంటుంది. అంతకన్న ఎక్కువ కాలం ఉంచగలిగితే మరీ మంచిది. మన దేశపు ప్రమాణం పేరు ఏఐఎస్ 072. సీటు మీద ఈ ప్రమాణాల ముద్ర లేకపోతే అది ఎంత మెత్తగా, ఎంత అందంగా ఉన్నా ఉత్త కుర్చీయే. ఇంకొకరు వాడిన సీటును తీసుకోవడం తప్పేమీ కాదు గాని, అది ఏ ప్రమాదంలోనైనా దెబ్బతిన్నదేమో తెలియనప్పుడు వద్దనడమే మేలు.

అమర్చడం అసలు విద్య. ఇక్కడ మా జనగామ జిల్లా బమ్మెర గుర్తుకు రాకమానదు. పోతన ఊరేదన్న వివాదంలో ఒంటిమిట్ట పక్షం వారి వాదాన్ని ఇప్పుడు ఎత్తను. ఆయన భాగవతం దశమస్కంధంలో యశోద అల్లరి కృష్ణుణ్ణి రోటికి కట్టే ఘట్టం మీకు తెలిసినదే. ఎన్ని తాళ్ళు ముడివేసినా రెండంగుళాలు తక్కువ వచ్చాయి. చివరకు కట్టగలిగింది. కట్టిన తరువాత ఏమయింది? బాలుడు రోటిని ఈడ్చుకుంటూ పోయి రెండు మద్దిచెట్లను కూల్చాడు. భక్తులు అందులో నలకూబర మణిగ్రీవుల శాపవిమోచనం చూస్తారు. నేను మాత్రం, చైల్డ్ సీటు కోణంలో, యశోద బిగింపులోని లోపాన్ని చూస్తాను: ఆమె బిడ్డను రోటికి కట్టింది గాని రోటిని నేలకు కట్టలేదు! మన ఇళ్ళలో చైల్డ్ సీటు కొన్నవారిలో కూడా చాలామంది చేస్తున్నది ఇదే. బిడ్డను సీటులో బిగిస్తారు; సీటును కారుకు బిగించరు, ఊరికే పెడతారు.

కాబట్టి బంధాలు రెండు. మొదటిది సీటుకూ కారుకూ నడుమ. ఈ మధ్య కార్ల వెనుక సీటులో వీపు భాగం, కూర్చునే భాగం కలిసేచోట రెండు ఇనుప కమ్ములు దాగి ఉంటాయి. దీనిని ఐసోఫిక్స్ ఏర్పాటు అంటారు. చైల్డ్ సీటు కొక్కేలు వాటిని టక్కుమని పట్టుకోవాలి. పైనుంచి ఒక పట్టీయో, కింద నేలకు ఆనే కాలో మూడో ఆధారంగా ఉంటుంది. దానిని మరచిపోతే సీటు ముందుకు తూలుతుంది. ఐసోఫిక్స్ లేని కారులో కారు బెల్టుతోనే బిగించవచ్చు. బెల్టు పోవలసిన దారిని సీటు మీద రంగులతో గుర్తిస్తారు: వెనుకకు చూసే సీటుకు నీలం, ముందుకు చూసే దానికి ఎరుపు. మోకాలితో సీటును అదిమి బెల్టు లాగాలి. తరువాత బెల్టు పోయేచోట పట్టుకొని ఊపి చూడాలి. అంగుళానికి మించి కదిలితే విప్పి మళ్ళీ బిగించాలి.

రెండో బంధం బిడ్డకూ సీటుకూ నడుమ. పట్టీలు మెలిపడకూడదు. వెనుకకు చూసే బిడ్డకు అవి భుజాల ఎత్తున గాని, కాస్త కింది నుంచి గాని రావాలి. ముందుకు చూసే బిడ్డకు భుజాల ఎత్తున గాని, కాస్త పై నుంచి గాని రావాలి. బిగించిన పట్టీని భుజం దగ్గర వేళ్ళతో గిల్లి చూడండి. మడత దొరికితే వదులుగా ఉన్నట్టే. యశోదకు రెండంగుళాలు తక్కువైతే, మనకు రెండంగుళాలు ఎక్కువవుతున్నాయి. చలికాలంలో దళసరి స్వెటరు మీద పట్టీ వేస్తే బిగుతనిపిస్తుంది గాని అది ఉన్ని బిగుతు. స్వెటరు తీసి, పట్టీ బిగించి, పైన దుప్పటి కప్పాలి. మే నెల ఎండలో నిలిచిన కారులో పట్టీ లోహపు బిళ్ళ కాలుతుంటుంది. ముందు మన చేతితో తాకి చూడాలి. వెనుకకు చూసే సీటును ఎయిర్‌బ్యాగు పనిచేసే ముందు సీటులో ఎన్నడూ పెట్టకూడదు. రెప్పపాటు కన్న తక్కువ కాలంలో ఉబ్బే ఆ సంచి నేరుగా బిడ్డ తల వెనుక సీటును గుద్దుతుంది.

ఇన్ని సంగతులను సీటుతోపాటు వచ్చే పుస్తకం చెబుతుంది. నేను చూసిన పుస్తకాలలో నాలుగైదు భాషలున్నాయి, తెలుగు లేదు. కోట్లమంది మాట్లాడే భాషలో, ఒక తల్లి తన బిడ్డ ప్రాణం కాపాడుకొనే పద్ధతి అచ్చుకాకపోవడం నన్ను బాధిస్తుంది. ఈ పని మీరు చేయగలరు. మీలో చాలామందికి అక్క పిల్లలో, అన్న పిల్లలో ఉంటారు. ఇంట్లో కొత్త ఫోను వస్తే సరిచేసి పెద్దల చేతికిచ్చేది మీరే. ఆ పుస్తకం చదివి, సీటు బిగించి, ఇంటిల్లిపాదికీ తెలుగులో చెప్పండి.

చట్టం ఉన్నది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194-బి సెక్షను ప్రకారం, పద్నాలుగేళ్ళు నిండని బిడ్డను సీటుబెల్టుతో గాని, తగిన రక్షణ సాధనంతో గాని భద్రపరచకుండా వాహనం నడిపినవారికి వెయ్యి రూపాయల జరిమానా. ఆ జరిమానా కట్టినవారిని మా పట్టణంలో నేను చూడలేదు. ద్విచక్రవాహనం మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ బిడ్డకు పట్టీ, శిరస్త్రాణం ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు మించకూడదనీ 2022లో నియమం చేశారు. అది మరుసటి ఏడాది అమలులోకి వచ్చింది. బండి మీద తిరిగే కుటుంబాలే మన దగ్గర ఎక్కువ కాబట్టి నిజానికి ఆ నియమం మీద మరొక వ్యాసం రాయాలి. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో కార్లను గుద్ది పరీక్షిస్తున్నారు. పిల్లల రక్షణకు విడిగా 49 పాయింట్లు కేటాయించారు. కారు కొనేవారు మైలేజీతోపాటు ఆ అంకెను కూడా అడగాలి.

ఖరీదు మాటేమిటి? కొన్ని వేల రూపాయలు అవుతుంది. లక్షలు పోసి కారు కొన్నవారికి అది భారమని నేను అనుకోను. అయినా మనకొక సంప్రదాయం ఉన్నది. ఇరవై ఒకటో రోజున తొట్టెల వేడుకకు తల్లిగారింటి వారు తొట్టెల, కొత్త బట్టలు, వెండి కడియాలు తెస్తారు. మేనమామ తెచ్చే కానుకల్లో ఈ సీటు కూడా ఉంటే బాగుండునని నేను పరిచయస్థులతో అంటూ ఉంటాను. అయితే బిడ్డ తొలి ప్రయాణం ఇరవై ఒకటో రోజు దాకా ఆగదు. కాన్పయిన మూడో రోజో, అయిదో రోజో హనుమకొండ ఆసుపత్రి నుంచి భూపాలపల్లికో, మహబూబాబాదుకో కారు బయలుదేరుతుంది. కడియాలు తరువాత తెచ్చినా ఫరవాలేదు. ఆ ఒక్క కానుకను మాత్రం మేనమామ కాన్పుకు ముందే తెచ్చి, కారులో బిగించి, గుంజి చూసి ఉంచాలి.