డీజిలు సుంకములు - సరకుల బండి

శేరిలింగంపల్లి ప్రాంతమున చిన్న వ్యాపారము నడుపువానికి సరకుల బండి కొనుట నేడు లెక్కకు లొంగని పనియైనది. మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు కార్యాలయములకు భోజనపు డబ్బాలు, నీటి క్యానులు, పాలు, చేవెళ్ల తోటల కూరగాయలు చేరవేయు ట్రాలీ ఆటోలును వ్యానులును లేనిచో ఆ అద్దాల మేడలలో ఒక్క దినము గడవదు. బండి సొంతదారు ఏండ్ల తరబడి వాయిదాల మీద అప్పు చేయుచున్నాడు. సుంకములు మాత్రము అన్నినాళ్లు ఒక్కతీరున నిలిచియుండుట లేదు.

2014 అక్టోబరులో డీజిలు ధరపై ప్రభుత్వపు టదుపు తొలగెను. ఆ స్థానమున సుంకములు వచ్చి కూర్చుండెను. కేంద్రము 2020 మే నెలలో లీటరుకు 13 రూపాయలు హెచ్చించెను. 2021 నవంబరులో 10, 2022 మేలో 6 తగ్గించెను. 2025 ఏప్రిల్‌లో మరల 2 వేసెను. తెలంగాణ ప్రభుత్వము 2015లో తన పన్నును 22.25 నుండి 27 శాతమునకు పెంచెను. ఈ 27 శాతము కేంద్ర సుంకము కలిసిన ధరపై పడును; అనగా పన్నుమీద పన్ను! 2025 ఏప్రిల్‌లో హైదరాబాదున లీటరు 95 రూపాయలు దాటియుండగా, అందు సుమారు 38 రూపాయలు రెండు ఖజానాలకే చేరినవి. దినమునకు 60 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 15 కిలోమీటర్లు నడచు బండికి 26 దినములలో 104 లీటర్లు కావలయును. అందు పన్ను భాగమే సుమారు 4 వేలు. అదే నెలలో కర్ణాటక ప్రభుత్వము తన పన్నును 21.17 శాతమునకు పెంచిన పిదప గూడ, జహీరాబాదు దాటినచో డీజిలు నాలుగు రూపాయలకు పైగా చౌకగనే యుండెను.

పొగ నియమముల సంగతి వేరు. వీనిని మేము ఆక్షేపింపము. కూడలిలో దినమెల్ల నిలుచు పోలీసు జవానునకును, బాట ప్రక్క పండ్లమ్ముకొను స్త్రీకిని ఊపిరితిత్తులు గలవు గదా. 2020 ఏప్రిల్ 1 నుండి దేశము అయిదవ మెట్టును విడిచి భారత్ స్టేజి 6 ఎక్కెను. డీజిలులో గంధకము పదిలక్షల పాళ్లకు 50 నుండి 10కి తగ్గెను. అయితే క్రొత్త డీజిలు బండిలో మసిని పట్టు జల్లెడ యొకటి కలదు. ఆ మసి కాలిపోవుటకు ఇంజను కొంతసేపు ఎడతెగక వేడిగా నడువవలయును. గచ్చిబౌలి కూడలిలో అడుగడుగున నిలుచు బండికి ఆ యవకాశ మెక్కడిది? జల్లెడ పూడిన, మరమ్మతు ఖర్చు సొంతదారునిదే. మారుతి సంస్థ 2020లో డీజిలు కార్లనే మానివేసినది.

కావున ఊరిలోపలనే తిరుగు బండికి విద్యుత్తుగాని సి.ఎన్.జి.గాని మేలనియు, వికారాబాదు, జహీరాబాదు మార్గములలో బరువు మోయువానికి డీజిలు ఇంకను తగుననియు మా యభిప్రాయము. మియాపూరు డిపో నుండి 2019లోనే విద్యుత్తు బస్సులు విమానాశ్రయమునకు నడచినవి. ఇది క్రొత్త వింత కాదు. 2025 సెప్టెంబరు 22న సరకుల బండ్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు దిగెను. విద్యుత్తు బండ్లపై 5 శాతముగనే యుండెను. రాష్ట్రము 2024 నవంబరులో విద్యుత్తు బండ్లకు రహదారి పన్నును, రిజిస్ట్రేషను రుసుమును పూర్తిగ మినహాయించుచు, 2026 డిసెంబరు 31 వరకని గడువు పెట్టెను. బండి యాయువు పదునైదేండ్లు; రాయితీ యాయువు రెండేండ్లు!

నియమము తిరుగబడుటకు ఢిల్లీయే దృష్టాంతము. పదేండ్లు దాటిన డీజిలు బండ్లు అచట తిరుగరాదను నిషేధమును సుప్రీంకోర్టు 2018లో సమర్థించెను. 2025 ఆగస్టులో ఆ కోర్టే వానిపై కఠినచర్య వలదనెను. ఈ నడుమ భయపడి తక్కువ ధరకు బండి తెగనమ్ముకొన్నవానికి నష్టపరిహార మెవ్వరిత్తురు?

ముడినూనెలో నూటికి 85 పాళ్లకు మించి పరదేశములనుండి తెచ్చుకొను దేశమునకు విద్యుత్తు బండ్లు హితమే. అయినను, రాయితీ గడువు తీరిన పిదప ఏ పన్ను, ఎంత, ఎన్నాళ్లు వేయబడునో రవాణాశాఖ నేడే ప్రకటింపవలయును. డీజిలుపై రాష్ట్రపు పన్నును శాతముగ గాక లీటరుకు ఇన్ని రూపాయలని స్థిరపరచి, కేంద్ర సుంకము పెరిగినపుడెల్ల తానును పెరుగకుండ చేయవలయునని కోరుచున్నాము.