తోడు లేకుండా ఎక్కితేనే ఘనతా?

కొండలెక్కే మోజున్న మన కుర్రకారులో ఒక మాట బాగా పాతుకుపోయింది. చేతిలో ఫోను, అందులో మ్యాపు ఉండగా గైడ్ ఎందుకు, డబ్బు దండగ అని. ఒంటరిగా ఎక్కితేనే ఎక్కినట్టన్నది ఇంకో మాట. సందక్‌ఫూ ట్రెక్కులో గైడ్ తప్పనిసరన్న నిబంధనను దోపిడీ అని తిట్టేవాళ్ల బలం ఈ రెండు మాటలే. రెండూ తప్పే.

ఆ దారి ఎలాంటిదో చూడండి. డార్జిలింగ్ జిల్లా మానేభంజాంగ్‌లో మొదలై తుమ్లింగ్, గైరీబాస్, కాలీపోఖ్రీల మీదుగా 3,636 మీటర్ల సందక్‌ఫూ చేరుతుంది. అక్కడి నుంచి 21 కిలోమీటర్లు నడిస్తే ఫాలూట్. ఆ తర్వాత గోర్ఖే లోయలోకి దిగి, శ్రీఖోలా, రింబిక్ మీదుగా చుట్టు తిరిగి రావాలి. నడక చాలావరకు సింగాలీలా కొండల వెన్ను మీదే సాగుతుంది. ఆ వెన్నే భారత్, నేపాల్ సరిహద్దు. కంచె లేదు, గోడ లేదు, అక్కడక్కడా రాతి స్తంభాలు మాత్రం ఉంటాయి. రాత్రి తుమ్లింగ్‌లో పడుకుంటే నేపాల్‌లో ఉన్నట్టు. మర్నాడు గైరీబాస్‌లో సశస్త్ర సీమా బల్ జవానుకు గుర్తింపు కార్డు చూపిస్తే మళ్లీ భారత్‌లో ఉన్నట్టు. ఫాలూట్ దగ్గరైతే పశ్చిమ బెంగాల్, సిక్కిం, నేపాల్ మూడూ కలుస్తాయి.

1950 నాటి ఒప్పందం పుణ్యమా అని భారతీయులకు అటూ ఇటూ తిరగడానికి వీసా అక్కర్లేదు. మరి సెలవులకు వచ్చిన మన అమెరికా పిల్లల సంగతి? అక్కడి పౌరసత్వం ఉన్నవాళ్లకు నేపాల్ వీసా కావాలి, భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు అందుకు పనికిరాదు. అన్నదమ్ముల పిల్లలిద్దరు పక్కపక్కనే నడుస్తున్నా ఒకరికి ఆ గీత లేనట్టే, ఇంకొకరికి అది చట్టం. ఏ మలుపు ఏ దేశంలో ఉందో, ఎక్కడ ఎవరికి ఏం చూపించాలో తెలిసిన మనిషి పక్కన ఉండటం దండగ ఎలా అవుతుంది?

సరిహద్దును పక్కన పెట్టినా, సందక్‌ఫూ, ఫాలూట్ మధ్య ఊళ్లు లేవు. పొగమంచు కమ్మితే పది అడుగుల ముందు ఏముందో కనపడదు. చలికి ఫోను బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. అన్నిటికన్నా భయంకరమైంది ఎత్తు తెచ్చే జబ్బు. అది మెదడుకు ఎక్కినప్పుడు నడక తడబడుతుంది, ఆలోచన మసకబారుతుంది. తనకు బాగోలేదన్న సంగతి ఆ మనిషికే తెలియదు. అలాంటి స్థితిలో మ్యాపు చూసుకునేదెవరు? ముందుగా చేయాల్సింది కిందికి దించడం. సందక్‌ఫూ నుంచి గుర్‌డుమ్ మీదుగా శ్రీఖోలాకు దిగే దారి ఒకటుంది. చీకట్లో, మంచులో ఒక రోగిని నడిపించుకుంటూ ఆ దారిన దిగాలంటే దాన్ని ఏళ్ల తరబడి తొక్కిన కాళ్లు కావాలి.

ఇక ఘనత సంగతి. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో, ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె వెంట షెర్పాలు ఉన్నారు. అంతమాత్రాన ఆ విజయం తక్కువైందని ఏ తెలుగువాడైనా అనగలడా? 1953లో హిల్లరీ ఎక్కింది టెన్సింగ్ నార్గేతో కలిసి. ఆ టెన్సింగ్ స్థిరపడింది ఈ డార్జిలింగ్‌లోనే. తోడు తీసుకుని ఎక్కడం పర్వతారోహణకు పరాయి సంగతి కాదు, దాని పుట్టుకలోనే ఉంది. ఇవాళ ఒంటరితనాన్ని వీరత్వంగా చూపేది వీడియోలే. వాటిని చూసి బయలుదేరేవాడికి ఆపద వస్తే వెతకడానికి వెళ్లేది మాత్రం ఆ ఊరివాళ్లే. నిబంధనను తిట్టేవాళ్లు ఈ ఒక్క విషయానికి జవాబు చెప్పాలి.

అసలా దారి ఎవరిది? సింగాలీలా 1992లో జాతీయ ఉద్యానవనం అయింది, ఎర్ర పాండాలు తిరిగే అడవి అది. అడవికి రక్షణ అవసరమే, కాదనను. కానీ రక్షిత అడవి అయినప్పుడు పశువుల మేతకూ కట్టెలకూ ఆంక్షలు వస్తాయి. వాటిని మోసేది చుట్టుపక్కల ఊళ్లు. వర్షాకాలంలో, జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా, పార్కు మూసేస్తారు. ఆ మూడు నెలలూ గైడ్‌కు అక్కడ పని ఉండదు. విమానం టికెట్టుకు, బూట్లకు, జాకెట్టుకు వేలకు వేలు ఆనందంగా పెట్టినవాళ్లం, ఆ కొండనే నమ్ముకున్న మనిషి రోజుకూలి దగ్గర బేరమాడటం నాకు మింగుడుపడదు.

నిబంధన ఎక్కడైనా సరిగ్గా అమలు కావడం లేదంటే ఆ ఫిర్యాదు వేరు. దారి నడిపించడం తప్ప ఏమీ నేర్పకుండా పంపిన గైడ్‌లు ఉండొచ్చు, రేట్లలో తేడాలు ఉండొచ్చు. అప్పుడు అడగాల్సింది నిబంధన ఎత్తేయమని కాదు. రేటు చెక్‌పోస్టు దగ్గర బోర్డు మీద రాయమని అడగాలి. ప్రతి గైడ్‌కూ ప్రథమ చికిత్సలో శిక్షణ, ప్రమాద బీమా ఇవ్వమని అడగాలి. సామాన్లు మోసే పోర్టరు వీపు మీద ఎన్ని కిలోలకు మించి పెట్టకూడదో తేల్చి, సామాన్లను తూకం వేశాకే పైకి పంపమని అడగాలి.