రాత్రి డ్యూటీ వాళ్లతో మొదలుపెడదాం

తెనాలి జిల్లా ఆసుపత్రిలోనైనా, బాపట్ల, రేపల్లె ప్రభుత్వ ఆసుపత్రుల్లోనైనా పొగ మాన్పించే పని రోగులకంటే ముందు సిబ్బందితో మొదలవ్వాలని నా గట్టి నమ్మకం. ఆవరణలో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా వేయొచ్చన్న నిబంధన 2008 అక్టోబరు 2 నుంచీ ఉంది. జరిమానా భయం మనిషిని గేటు బయట బడ్డీకొట్టు దాకా పంపుతుంది, అంతే. తెల్లవారుజామున మూడింటికి యాక్సిడెంటు కేసు దించిన అంబులెన్సు డ్రైవరుకూ, వరసగా రెండు షిఫ్టులు చేసిన వార్డుబాయ్‌కీ ఒక తోడు కావాలి. డ్యూటీ వేళల్లోనే పక్కన కూర్చుని మాట్లాడే మనిషి, ఉచితంగా ఇచ్చే నికోటిన్ చూయింగ్ గమ్, పొగ మానడానికి ఫోన్‌లో సలహా ఇచ్చే క్విట్‌లైన్ నంబరు 1800112356: ఇవన్నీ అందుబాటులో పెట్టగలిగినవే. మానేసిన మొదటి మూడు నాలుగు రోజులే మహా కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం అప్పుడే ఎక్కువ. ఆ వారం మానేసినవాళ్లకు నైట్ డ్యూటీ వేయకూడదు. కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికులనైతే అసలు వదలకూడదు. అలవాటు ఒప్పుకుంటే పని పోతుందన్న భయం వాళ్లకే ఎక్కువ, కాబట్టి పేర్లు సూపరింటెండెంటు బల్ల మీదికి చేరకూడదు. ఆసుపత్రి మనుషులతోనే మొదలుపెట్టడం కొత్తేమీ కాదు: బ్రిటన్‌లో డాల్, హిల్ అనే పరిశోధకులు 1951లో అక్కడి డాక్టర్ల పొగ అలవాటునే లెక్కకట్టడం మొదలుపెట్టారు. యాభై ఏళ్లు గమనించాక, ముప్పై ఏళ్ల వయసులో మానేసినవాళ్లకు సుమారు పదేళ్ల ఆయుష్షు దక్కిందని తేలింది. మన వార్డుల్లో ముప్పై లోపు కుర్రాళ్లు ఎంతమందో! వచ్చే నెల డ్యూటీ చార్టు వేసేటప్పుడే వాళ్లను పిలిచి అడగాలి.